షాంపేన్‌ను కేకు పక్కనుంచి తీసేయండి

కేకు కోసే సమయానికే షాంపేన్ సీసా తెరవాలనే అలవాటు మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. మామూలు షాంపేన్ విషయంలో ఆ కోపాన్ని దిగమింగుకోగలను. కానీ ఒకే ఏడాది పంటతో చేసి, ఎనిమిదేళ్లో పదేళ్లో నేలమాళిగ చీకట్లో నిద్రపుచ్చి, ఆ తరువాతే బయటికి తెచ్చిన వింటేజ్ షాంపేన్‌ను చక్కెర పూత పూసిన కేకుతో తాగించడం చూస్తే ఊరుకోలేను. అన్నేళ్లు ఓపిక పట్టినవారి శ్రమ ఆ ఒక్క ముక్కతో మట్టిపాలవుతుంది.

ఒక విందులో ఇది నా కళ్ల ముందే జరిగింది. సీసా 2008 పంటది, అచ్చంగా షార్డొనే ద్రాక్షతో చేసినది. అలా తెల్ల ద్రాక్షతో మాత్రమే చేసిన తెల్ల షాంపేన్‌ను బ్లాన్ ద బ్లాన్ అంటారు. సీసాలను గంటల తరబడి మంచులో ముంచి ఉంచారు. సన్నగా పొడుగ్గా ఉండే గ్లాసుల్లో నురుగు పొంగేలా పోశారు. మరో చేతికి కేకు అందించారు. మొదటి గుక్కలో నాకు తెలిసినవి మూడే: చలి, చురుకు, పులుపు. కేకు తిన్నాక తాగిన రెండో గుక్కలో నిమ్మతొక్క కొరికినట్టు చేదు కూడా వచ్చి చేరింది. చుట్టూ ఉన్నవారు మర్యాదకు ఓ గుక్క తాగి గ్లాసులు బల్ల మీద పెట్టేశారు. నేను నా గ్లాసు పట్టుకుని ఒక మూల కూర్చున్నాను. అరగంట గడిచేసరికి చలి విరిగింది. అప్పుడు మొదలైంది అసలు సంగతి. వేయించిన హేజల్‌నట్ వాసన, వెన్న రాసి కాల్చిన రొట్టె వాసన, వాటి వెనక వాన పడిన సుద్దరాయి వాసన ఒకదాని తరువాత ఒకటి గ్లాసులోంచి లేచాయి. తలెత్తి చూస్తే హాలు దాదాపు ఖాళీ. బల్లల మీద సగం నిండిన గ్లాసులు వరసగా ఉన్నాయి. అంత మంచి వైన్ అలా పారబోతకు సిద్ధంగా ఉండడం ఇప్పటికీ నాకు బాధగానే గుర్తుంది.

అప్పటినుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒక్కటే. వింటేజ్ షాంపేన్ మొదట వైన్, తరువాతే బుడగలు. అది ఉండవలసిన చోటు భోజనం మధ్య. దానికి తోడు కావలసింది ఉప్పు, వెన్న, నిదానంగా కాల్చిన మాంసం, పుట్టగొడుగులు, ముదిరిన చీజ్. తీపి దాని దగ్గరికి కూడా రాకూడదు.

ఈ కేకు పొత్తు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే, మొదట్లో అది తప్పేమీ కాదని అర్థమవుతుంది. 2010లో బాల్టిక్ సముద్రంలో, ఆలండ్ దీవుల దగ్గర మునిగి ఉన్న ఓ పాత ఓడలో గజ ఈతగాళ్లకు 168 షాంపేన్ సీసాలు దొరికాయి. దాదాపు 170 ఏళ్లు అవి నీటి అడుగున చల్లని చీకట్లో పడి ఉన్నాయి. వాటిలో కొన్నింటిని శాస్త్రవేత్తలు పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు సుమారు 150 గ్రాముల చక్కెర తేలింది. ఇప్పటి కోలా పానీయాల్లో ఉండేది వంద గ్రాముల పైచిలుకు. అంటే పందొమ్మిదో శతాబ్దంలో షాంపేన్ పేరుతో తాగినది బుడగలు వేసే చక్కెర పాకానికి దగ్గరి చుట్టం. దాని పక్కన మిఠాయి పెడితే తీపికి తీపి సరితూగేది. భోజనం చివర అది రావడంలో న్యాయం ఉంది.

ఆ తరువాత ఇంగ్లండులో కొనేవారు తీపి తగ్గించమని అడగసాగారు. 1874 పంటతో షాంపేన్ సంస్థ నడిపిన మదామ్ పొమ్మెరీ చేయించిన తీపి లేని షాంపేన్ ఆ మార్పుకు గుర్తుగా నిలిచింది. ఈనాడు చీటీ మీద బ్రూట్ అని ఉంటే ఆ వైన్‌లో చక్కెర లీటరుకు 12 గ్రాముల లోపే ఉండాలి. ఎక్‌స్ట్రా బ్రూట్ అయితే 6 గ్రాములు దాటకూడదు. మంచి వింటేజ్ సీసాలు చాలావరకు ఈ రెండింటి నడుమే తిరుగుతాయి. 150 నుంచి పది లోపుకు పడిపోయింది చక్కెర. వైన్ పూర్తిగా మారిపోయినా దాని పక్కన పెట్టే పళ్లెం మాత్రం మారలేదు.

నాలుక మీద తీపి పేరుకున్నాక తీపి లేని వైన్ తాగితే, వైన్‌లో ఉన్న కాస్త పండు రుచీ ఆ తీపి ముందు వెలవెలపోతుంది. మిగిలేది పులుపూ చేదూ. ఇది ఎవరి అభిరుచికీ సంబంధించిన విషయం కాదు, అందరి నాలుకా ఇలాగే పనిచేస్తుంది. ఒక చాక్లెట్ ముక్క నమిలి, వెంటనే కమలాపండు తొన నోట్లో వేసుకుని చూడండి. తియ్యని పండు కూడా పుల్లగా మారుతుంది. ఇక కావాలనే పుల్లగా చేసిన వైన్ సంగతి చెప్పాలా?

కావాలనే పుల్లగా అన్నాను గనక ఆ పులుపు కథ కొంచెం చెప్పుకోవాలి. షాంపేన్ ప్రాంతం ఫ్రాన్సు ఉత్తరాన, 49 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ద్రాక్ష పండడానికి అది దాదాపు చివరి హద్దు అనుకునేవారు. చలి వల్ల పండులో పులుపు నిలిచి ఉంటుంది. ఎపెర్నే ఊరికి దక్షిణంగా సాగే కోత్ దె బ్లాన్ అనే వాలు మీద క్రమాన్, అవీజ్, ఓజే, ల మెనీల్ స్యూర్ ఓజే లాంటి గ్రామాలున్నాయి. నేల పైపొర కిందే సుద్ద. అది వాన నీటిని స్పంజులా పట్టి ఉంచి, ఎండాకాలంలో వేళ్లకు కొద్దికొద్దిగా అందిస్తుంది. ఆ వాలు మీద దాదాపు అంతా షార్డొనేనే. క్రమాన్ వైన్ నోట్లో మెత్తగా, గుండ్రంగా అనిపిస్తుంది. ల మెనీల్ వైన్ యవ్వనంలో కత్తి అంచులా ఉండి, దారికి రావడానికి ఏళ్లు తీసుకుంటుంది. ఆ ఒక్క గ్రామపు షార్డొనేతోనే, బాగా పండిన ఏళ్లలోనే వైన్ చేయాలని యూజీన్ ఎమే సలోన్ అనే ఆయన పట్టుబట్టాడు. 1905లో తొలి వైన్ చేశాడు, 1921 పంటతో అమ్మకం మొదలైంది. అదే గ్రామంలో గోడ కట్టిన 1.84 హెక్టార్ల తోటనుంచి మాత్రమే వచ్చే క్లో ద్యు మెనీల్‌ను క్రుగ్ సంస్థ 1979 పంటతో మొదలుపెట్టింది. ఒక గ్రామం, ఒక ద్రాక్ష, ఒక సంవత్సరం అని ఇంత పట్టుదలగా గిరి గీసుకున్నవారు బుడగల కోసం ఆ పని చేయలేదని నేను గట్టిగా నమ్ముతాను. బుడగలు ఏ తోట ద్రాక్షతోనైనా వస్తాయి.

షాంపేన్‌లో ఎక్కువ భాగం ఏ సంవత్సరానికీ చెందదు. అనేక ఏళ్ల వైన్లను కలిపి, ప్రతి ఏటా ఒకే రుచి వచ్చేలా కూర్చుతారు. అది గొప్ప విద్యే, దాన్ని నేను తక్కువ చేయను. సంవత్సరం పేరు చీటీ మీద వేయాలంటే మాత్రం ఆ వైన్ మొత్తం ఆ ఏటి పంటే అయి ఉండాలి. మామూలు షాంపేన్‌కు సీసాలో కనీసం 15 నెలలు చాలు. వింటేజ్‌కు మూడేళ్లు తప్పనిసరి, పేరున్న తయారీదారులు అంతకు రెట్టింపు, ఒక్కోసారి మూడింతలు ఆగుతారు. అందుకే వింటేజ్ సీసాలో ఆ ఏటి వాతావరణం దాగి ఉంటుంది. 2003లో ఐరోపాను కాల్చిన వడగాడ్పులకు షాంపేన్‌లో ఆగస్టులోనే కోతలు జరిగాయి. ఆ వైన్లు నిండుగా, మెత్తగా, పులుపు తక్కువగా ఉంటాయి. 2008లో వేసవి చల్లగా నడిచి, సెప్టెంబరులో ఎండ కాసింది. పండు పక్వానికి వచ్చినా పులుపు చెక్కుచెదరలేదు. ఈ రెండు సంవత్సరాల సీసాలను ఒకే వంటకంతో వడ్డించడం నాకు సరి అనిపించదు. 2003కు తోడుగా మీగడ పెడితే బరువెక్కుతుంది. 2008 మాత్రం ఆ మీగడ కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

సీసాలో అన్నేళ్లు ఏం జరుగుతుందన్నదే జోడు వంటకం రహస్యం. తయారైన వైన్‌కు లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, కొంచెం ఈస్ట్ కలిపి సీసాలో బిగిస్తారు. ఈస్ట్ చక్కెరను తిని వాయువును విడుదల చేస్తుంది. బయటికి దారిలేక ఆ వాయువు వైన్‌లోనే కరిగిపోతుంది, లోపలి ఒత్తిడి ఆరు అట్మాస్ఫియర్ల దాకా పెరుగుతుంది. పని అయ్యాక ఈస్ట్ చనిపోయి సీసా లోపల మడ్డిగా దిగుతుంది. చాలామంది కథ ఇక్కడితో ముగిసిందనుకుంటారు. వింటేజ్ షాంపేన్ కథ ఇక్కడే మొదలవుతుంది. చనిపోయిన ఈస్ట్ కణాలు తమలోని ఎంజైముల వల్లనే నెమ్మదిగా విచ్చిపోయి, ప్రొటీన్లను, అమైనో ఆమ్లాలను వైన్‌లోకి వదులుతాయి. రొట్టె వాసన, వెన్న, గుడ్లు కలిపి చేసే బ్రియోష్ రొట్టె వాసన, నోట్లో వెన్నలాంటి నునుపు వచ్చేది ఇక్కడినుంచే. వాటిలో గ్లూటమేట్ కూడా ఉంది. ముదిరిన చీజ్‌లోనూ మాంసం ఉడికించిన రసంలోనూ ఉండే నిండు రుచికి మూలం అదే. 1908లో జపాను రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెదా సముద్రపు నాచులో దాన్ని గుర్తించి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు.

2020లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు షాంపేన్, ఆయిస్టర్ల జోడును ఈ కోణంలోనే విశ్లేషించారు. షాంపేన్‌లో ఈస్ట్ వదిలిన గ్లూటమేట్ ఉంది, ఆయిస్టర్ కండలో న్యూక్లియోటైడ్లు అనే పదార్థాలు ఉన్నాయి. ఈ రెండూ కలిసినప్పుడు ఉమామి విడివిడి రుచుల మొత్తాన్ని దాటి పెరుగుతుంది. ఎన్నో తరాలుగా జనం అలవాటుగా చేస్తున్నదానికి కారణం దొరికినందుకు నేను చాలా సంతోషించాను. అయితే దీన్ని పట్టుకుని ప్రతి షాంపేన్‌కూ పచ్చి ఆయిస్టర్లే సరైన జోడు అనడాన్ని ఒప్పుకోను. పచ్చి ఆయిస్టర్‌లోని సముద్రపు ఉప్పుకు లేత వయసు బ్లాన్ ద బ్లాన్ నిమ్మపులుపు చక్కగా అతుకుతుంది. పదిహేనేళ్ల వైన్‌లో నిమ్మ వెనక్కి తగ్గి, తేనె, హేజల్‌నట్, పుట్టగొడుగు ముందుకు వస్తాయి. దాని పక్కన పచ్చి ఆయిస్టర్ ఇనుపరుచితో ఒంటరిగా మిగిలిపోతుంది. అదే ఆయిస్టర్‌ను చిప్పలోనే వెన్న, రొట్టెపొడి చల్లి కాల్చండి. ఇద్దరూ ఒకే భాష మాట్లాడతారు.

ఇక వడ్డన. చలి, గ్లాసు అనే రెండు పొరపాట్లను సరిదిద్దకుండా ఎంత గొప్ప వంటకం పెట్టినా లాభం లేదు.

ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ వాసనలు వైన్‌ను వదిలి పైకి లేవవు. పైగా చలి బుడగల చురుకును ఇంకా పెంచుతుంది. ఆ చురుకు కేవలం బుడగ పగలడం వల్ల వచ్చేది కాదు. నాలుక మీది ఒక ఎంజైము ఆ వాయువును ఆమ్లంగా మారుస్తుంది, మనకు తెలిసేది ఆ ఆమ్లపు కుట్టు. ఎత్తైన కొండలెక్కేవారు ఎసిటజోలమైడ్ అనే మందు వేసుకుంటారు. అది ఆ ఎంజైమును అడ్డుకుంటుంది గనక, శిఖరం దిగి వచ్చి షాంపేన్ తాగితే వారికి చురుకే తెలియదు. వైన్‌లో బుడగలు మాత్రం కళ్ల ముందు లేస్తూనే ఉంటాయి! వింటేజ్ షాంపేన్‌ను 10 నుంచి 12 డిగ్రీల మధ్య తాగమంటాను. రాన్స్ నగరం కింద సుద్దలో తవ్విన నేలమాళిగల్లో ఏడాది పొడుగునా ఇంచుమించు అంతే చల్లగా ఉంటుంది. వైన్ పెరిగిన చలిలోనే వైన్ తాగడం నాకు సబబుగా తోస్తుంది. సగం మంచు, సగం నీళ్లు పోసిన బకెట్‌లో ఇరవై నిమిషాలు ఉంచి తీసేయండి. భోజనం జరుగుతున్నంతసేపూ సీసా బల్ల మీద ఉంటే చాలు, మళ్లీ బకెట్‌లో పెట్టనక్కర లేదు.

సన్నని పొడుగాటి ఫ్లూట్ గ్లాసు బుడగలను చూడడానికి బాగుంటుంది. మూతి ఇరుకు కావడంతో వాయువు పైన చిక్కగా పేరుకుని, ముక్కు పెట్టగానే కుట్టి వెనక్కి నెడుతుంది. రాన్స్ విశ్వవిద్యాలయంలో బుడగల భౌతికశాస్త్రం మీదే పరిశోధన జీవితాన్ని గడుపుతున్న జెరార్ లీజే బెలేర్ బృందం దీన్ని కొలిచి చూపింది. వెడల్పాటి కూప్ గ్లాసులో కంటే ఫ్లూట్‌లో వైన్ పైన వాయువు ఎంతో ఎక్కువ. అలాగని కూప్ కూడా వద్దు, వాసన నిలవకుండా చెదిరిపోతుంది. పొట్ట కొంచెం ఉబ్బి, పైకి పోయేకొద్దీ దగ్గరయ్యే తెల్ల వైన్ గ్లాసు సరైనది. పోసేటప్పుడు గ్లాసును వంచి, గోడ వెంట నెమ్మదిగా జారనివ్వండి. అలా చేస్తే వాయువు తక్కువ పోతుందని కూడా ఆ బృందమే 2010లో నిరూపించింది. గ్లాసుకు సబ్బు అంటి ఉండకూడదన్న మాట చెప్పనవసరం లేదనుకుంటాను.

సీసా తెరిచేటప్పుడు చప్పుడు రావాలని కొందరు బిరడాను ఎగరేస్తారు. నిట్టూర్పులాంటి సన్నని శబ్దం తప్ప ఇంకేమీ రాకూడదు. బిరడాను గట్టిగా పట్టుకుని సీసా అడుగును తిప్పితే అది తనంతట తానే చేతిలోకి వస్తుంది. లోపలి ఒత్తిడి కారు టైరులోని గాలి కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. కంటికి తగిలితే చూపు పోతుంది.

ఆ విందు జరిగిన కొన్నేళ్లకు అదే తయారీదారు చేసిన అదే 2008 సీసాను ఆరుగురం మిత్రులం ఒక రాత్రి భోజనానికి తెరిచాం. ఈసారి నేనే పూనుకుని అంతా నాకు సరి అనిపించినట్టు ఏర్పాటు చేశాను. రంగు ముందే మాట చెప్పింది. లేతగడ్డి పసుపు పోయి, పండిన గోధుమ రంగు తిరుగుతోంది. బుడగలు చాలా చిన్నవిగా, తొందర లేకుండా లేస్తున్నాయి. వయసుతో పాటు బిరడాలోంచి కొంత వాయువు తప్పించుకుంటుంది గనక పాత వైన్‌లో బుడగలు తగ్గుతాయి. అది లోపం అనుకోవద్దు. మొదటి పది నిమిషాలు వాసన ముడుచుకునే ఉంది. నిమ్మతొక్క, తెల్లపువ్వులు, సుద్ద. గ్లాసును రెండు చుట్లు తిప్పాక వేయించిన బాదం వచ్చింది. నోట్లో పోసుకుంటే తొలుత నిమ్మ పులుపు నేరుగా నాలుక మధ్యలో గీత గీసినట్టు సాగింది. ఆ గీత చుట్టూ వెన్న నునుపు మెల్లగా కమ్ముకుంది. మింగాక కూడా సముద్రపు ఉప్పులాంటి రుచి అలాగే నిలిచి, నోరూరించింది. ఆ నోరూరడమే నేను వెతికే గుర్తు. నోరూరించే వైన్ భోజనం అడుగుతోందని అర్థం.

మొదట పెద్ద ఉప్పు పలుకులు చల్లిన వేయించిన బంగాళాదుంపలు పెట్టాను. ఖరీదైన సీసా పక్కన బంగాళాదుంపలేమిటని ఒక మిత్రురాలు ఆశ్చర్యపోయింది. తిన్న తరువాత రెండోసారి తానే అడిగి వడ్డించుకుంది. నూనె నాలుక మీద పరచిన పొరను వైన్ పులుపూ బుడగలూ కడిగేస్తాయి, ఉప్పు ఆ పులుపు పదును తగ్గించి పండు రుచిని పైకి తెస్తుంది. ప్రతి ముద్దా మొదటి ముద్దలాగే ఉంటుంది. కేవియర్ అనే ఉప్పు పట్టిన చేపగుడ్ల కంటే ఇది మంచి జోడు అని నా నమ్మకం. కేవియర్‌ను షాంపేన్ పక్కన పెట్టే ఆచారంలో రుచి కంటే ఖరీదుకు ఖరీదు తోడన్న ఆలోచనే నాకు ఎక్కువగా కనిపిస్తుంది. పాత బ్లాన్ ద బ్లాన్ సున్నితపు వాసనల మీద చేపనూనె వాసన కూర్చుండిపోతుంది.

తరువాత చర్మం బంగారు రంగు తిరిగేదాకా కాల్చిన కోడి, దానితో మోరెల్ పుట్టగొడుగులు వేసి చిక్కబరచిన మీగడ రసం. ఇక్కడే నాకు ఆ రాత్రి మొత్తం అర్థమైంది. అప్పటికి గ్లాసులో వైన్ వెచ్చబడి హేజల్‌నట్, కాల్చిన రొట్టె, కొద్దిగా తేనె బాగా విచ్చుకున్నాయి. కోడి చర్మం మీద ఏర్పడ్డ వేపుడు రుచికీ వైన్‌లోని కాల్చిన రొట్టె వాసనకీ తేడా తెలియనంతగా ఒకదానిలోకి ఒకటి జారిపోయాయి. పుట్టగొడుగు ఉమామి వైన్ ఉమామిని లాగింది. మీగడ బరువెక్కబోతున్న ప్రతిసారీ ఆ నిమ్మగీత వచ్చి తేలిక చేసింది. బల్ల చుట్టూ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అదే వైన్‌ను ఆ హాల్లో వందమంది తాగకుండా వదిలేశారు మరి.

స్కాలప్‌ను వెన్నలో రెండువైపులా ఎర్రగా కాల్చినా, టర్బో చేపను తెల్లని వెన్న రసంతో వడ్డించినా ఇదే దారిలో నడుస్తాయి. వెనిగర్ వేసిన సలాడ్‌ను మాత్రం దూరంగా ఉంచండి, పులుపు మీద పులుపు పడి వైన్ నీళ్లలా తేలిపోతుంది. ఘాటైన మిరపకారం కూడా వద్దంటాను. కారపు మంటను బుడగల కుట్టు ఇంకా ఎగదోస్తుంది, ఆ మంటలో సున్నితమైనదేదీ మిగలదు. టమాటా రసంతో నాకు ఎప్పుడూ మంచి ఫలితం రాలేదు.

చివరికి తీపి బదులు రెండేళ్లు ముదిరిన కోంటే చీజ్ పెట్టాను. పళ్ల కింద చిటపటలాడే చిన్న స్ఫటికాలు ఉంటాయి దానిలో, ప్రొటీన్ విచ్చిపోయినప్పుడు ఏర్పడేవి. సీసాలో ఈస్ట్ విచ్చిపోయినట్టే ఎక్కడో ఒక గదిలో ఆ చీజ్‌లోనూ అలాంటి మార్పే జరిగింది. షాంపేన్ ప్రాంతపు షవూర్స్ చీజ్ కూడా బాగుంటుంది, మెత్తగా, పుట్టగొడుగు వాసనతో. అయితే అది కొంచెం లేత వైన్ పక్కన ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం.

నాతో వాదించేవారు సాధారణంగా రెండు మాటలు అంటారు. వేడుకలో అందరూ ఒకేసారి గ్లాసెత్తడంలోని ఆనందాన్ని ఎందుకు చెడగొడతావన్నది ఒకటి. ఆ ఆనందం మీద నాకు గౌరవం ఉంది. దానికి సంవత్సరం పేరు లేని మంచి బ్రూట్ చక్కగా సరిపోతుంది, అది ఆ పని కోసమే కూర్చిన వైన్. కేకుతోనే తాగాలంటే దెమీ సెక్ అని చీటీ ఉన్న సీసా తెచ్చుకోండి. అందులో చక్కెర లీటరుకు 32 నుంచి 50 గ్రాముల దాకా ఉంటుంది, కేకు తీపిని తట్టుకుంటుంది. రెండో మాట, రుచి ఎవరి ఇష్టం వారిదని. నిజమే. కానీ ఇష్టం ఏర్పడాలంటే ముందు రుచి తెలియాలి గదా! గడ్డకట్టే చలిలో, తీపి మింగిన నాలుకతో తాగినవారికి ఆ వైన్ రుచి అసలు అందనే లేదు. అందనిదాన్ని ఇష్టపడలేదని ఎలా అనగలం?

ఇంకొందరు వింటేజ్ షాంపేన్‌ను డికాంటర్ అనే వెడల్పాటి గాజు కూజాలోకి ఒంపి, గాలి తగలనిచ్చి తాగాలంటారు. నా వాదన నచ్చినవారే అంటారు గనక దీనికి జవాబివ్వడం కొంచెం కష్టం. నేను అంత దూరం వెళ్లను. బుడగలు తరువాతే అన్నాను తప్ప వద్దనలేదు. అవి పగిలినప్పుడు వాసనలను చిన్న తుంపరలుగా పైకి తెస్తాయి, మీగడ పొరను చీల్చేదీ అవే. వెడల్పు గ్లాసూ కాస్త ఓపికా ఉంటే డికాంటర్ చేసే పని అవే చేస్తాయి.

ఆ రాత్రి సీసాలో అర గ్లాసు మిగిలింది. మూత పెట్టి చల్లని చోట ఉంచాను. మరుసటి రోజు మధ్యాహ్నం పోసుకుంటే బుడగలు లేవన్నంతగా తగ్గిపోయాయి. నాలుక అంచుల్లో చిన్న చురుకు మాత్రం మిగిలింది. ముందురోజు మిగిలిన కోంటే ముక్కను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. హేజల్‌నట్ ఇంకా చిక్కబడింది. తేనె వెనక ఎండబెట్టిన కమలాతొక్క కొత్తగా వచ్చింది. నిమ్మగీత చెక్కుచెదరకుండా అలాగే ఉంది. ఆ అర గ్లాసు తాగడానికి నాకు గంట పట్టింది.